రాయలవారిని ఆ కుర్చీలోంచి దించండి

బెంగళూరులో ఉగాదికీ దసరాకీ భువనవిజయం వేయించే తెలుగు సంఘాల కార్యవర్గాలకు,

నమస్కారం.

రాబోయే ఉగాదికి మళ్లీ భువనవిజయం, అంటే శ్రీకృష్ణదేవరాయల కవిసభ రూపకం, ఉందనీ, రాయల వేషానికీ ఆయన ఎనిమిదిమంది కవులైన అష్టదిగ్గజాలకీ మనుషులు కుదిరారనీ, రంగాలంకరణ మాత్రం ఇంకా ఖాయం కాలేదనీ మా గ్రూపులో చూశాను. అది ఖాయం కాకముందే మీ చెవిన వెయ్యాలని ఈ ఉత్తరం. ఒక్క సంఘానికి విడిగా రాసి ఊరుకోవచ్చు. కానీ మారతహళ్లి నుంచి మల్లేశ్వరం దాకా నేను చూసిన భువనవిజయాలన్నిటిలో ఇదే తంతు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

నా విన్నపం ఆ కుర్చీ గురించి. ఏ కుర్చీయో మీకు చెప్పక్కర్లేదు. పెళ్లి రిసెప్షన్లకు అద్దెకిచ్చేది. ఎర్ర వెల్వెట్టు, ఫైబరు మీద బంగారు రంగు, మనిషిని మించిన వీపు, ఆ వీపు మీద నెమలో కిరీటమో తేలని ఒక ఆకారం, చేతులు ఆన్చుకునే చోట రెండు సింహం తలలు. కిందటిసారి వచ్చిన దానిలో ఎడమవైపు సింహానికి ముక్కు మీద రంగు లేచిపోయి లోపలి తెల్లటి ఫైబరు కనబడుతోంది. దానికి ఎవరో పసుపురంగు టేపు అంటించారు. షామియానావాళ్ల లెక్కలో దాని పేరు మహారాజా చెయిర్. మన వ్యాఖ్యాతగారు మాత్రం మైకు పట్టుకున్న రెండు నిమిషాల్లో దానికి నాలుగు పేర్లు పెట్టేస్తారు. రాయలవారు సింహాసనం అధిష్ఠించారు, గద్దెనెక్కారు, పీఠం అలంకరించారు, ధర్మాసనం మీద ఆసీనులయ్యారు!

తరవాత సంగతి ఇంకా బాగుంటుంది. రూపకం అయిపోగానే రాయలవారు కిరీటం సర్దుకుంటూ దిగిపోతారు. అదే కుర్చీలోకి కార్యక్రమానికి విరాళమిచ్చిన పెద్దమనిషి వస్తారు. ఆయనకు శాలువా, జ్ఞాపిక, ఫొటోలు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామకృష్ణుడు వగైరాలు కుర్చీలు చాలక వేదిక పక్క తెరల దగ్గర నిలబడి చప్పట్లు కొడుతుంటారు.

ఆ పెద్దమనిషి మీద నాకేం కోపం లేదు. రమ్మంటే వచ్చారు, కూర్చోమంటే కూర్చున్నారు. ఆయన్ని ఎక్కడ కూర్చోబెడుతున్నామో మనకే తెలియదు. ఆ నాలుగు మాటల్లో ఏదీ ఊరికే 'పెద్ద కుర్చీ' అని అర్థమిచ్చేది కాదు. ఒక్కో మాట వెనక ఒక్కో ఆసనం ఉంది, అందులో కూర్చోవడానికి ఒక్కో అర్హత ఉంది. కొన్నింటిలో అసలు మనిషి కూర్చోడు. అదే నేను చెప్పదలచుకున్నది.

అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువును వల్లెవేసినవాళ్లు మీలో ఒకరిద్దరైనా ఉండకపోరు. క్షత్రియవర్గంలో రాజు కూర్చునే ఆసనానికి అమరసింహుడు చెప్పిన పేరు భద్రాసనం. అదే బంగారంతో చేసిందయితే సింహాసనం అన్నాడు. అంతే. సింహం బొమ్మ ఉందా, వీపు ఎంత ఎత్తు అని అడగలేదు, బంగారమా కాదా అన్నదే తేడా. ఆ లెక్కన ఫైబరు మీద స్ప్రే కొట్టినదాన్ని ఏమనాలో మీ విజ్ఞతకే వదిలేస్తున్నాను.

ఇంకా వెనక్కి వెళితే బంగారమూ లేదు, సింహమూ లేదు. వేదవాఙ్మయంలోని ఐతరేయ బ్రాహ్మణంలో రాజు అభిషేకానికి చెప్పిన ఆసనం పేరు ఆసంది. మేడికర్రతో నాలుగు కాళ్లు, ముంజగడ్డితో అల్లిక, పైన పులితోలు. పులితోలు తీసేస్తే మన అమ్మమ్మల ఇళ్లలోని నులకమంచానికి అది అక్కగారు. అలాంటిదే అయిన శతపథ బ్రాహ్మణంలో రాజసూయ యాగానికి చండ్రకర్ర చెప్పారు. రాముడి యౌవరాజ్యానికి దశరథుడి ఇంట సిద్ధంచేసి ఉంచిన భద్రపీఠం కూడా మేడికర్రదే. అడవినుంచి తిరిగొచ్చాక వసిష్ఠుడు సీతతో సహా రాముణ్ణి కూర్చోబెట్టింది రత్నమయమైన పీఠం మీద. ఆ శ్లోకంలో వాల్మీకి వాడిన మాట పీఠమే. భద్రాద్రి రాముడి పట్టాభిషేకం టీవీలో చూస్తూ 'సింహాసనం' అని మనం అనుకుంటాం గానీ ఆయన అనలేదు.

ఎత్తు సంగతి కూడా చెప్పనివ్వండి, మీ అద్దె కుర్చీ పొగరంతా ఎత్తులోనే ఉంది కాబట్టి. పాతకాలపు జ్యోతిష్కుడు వరాహమిహిరుడు బృహత్సంహితలో రాజుకు చేయించే పుష్యస్నానం చెబుతూ భద్రాసనానికి మూడు కొలతలిచ్చాడు. మండలాధిపతికి మూర, చుట్టుపక్కల రాజుల్ని గెలవాలనుకునేవాడికి మూరంపావు, భూమినంతా ఏలాలనుకునేవాడికి మూరన్నర. చక్రవర్తి కావాలని కలలుగనే మనిషికి కూడా మూరన్నరే! బంగారం, వెండి, రాగి, లేదంటే పాలుకారే చెట్టు కర్ర, ఏదైనా సరే అన్నాడు. పాలుకారే చెట్టంటే మళ్లీ మన మేడి, రావి, మర్రి. మీద పరిచే తోళ్లలో సింహపు తోలు ఉంది, దానిమీద పులితోలు ఉంది. సింహం చేతికింద బొమ్మ కాకముందు కూర్చునేవాడి కింద తోలుగా ఉండేదన్నమాట.

మనం ఉన్నది మైసూరుకు మూడు గంటల దూరంలో. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి అంబావిలాసం రాజభవనం చూపించని తెలుగు కుటుంబం బెంగళూరులో ఉంటుందా? అక్కడి సింహాసనం సంగతి విన్నారా? అది పాండవులదనీ, హస్తినాపురం నుంచి వచ్చి మన పెనుగొండలో భూమిలో దాగి ఉంటే విద్యారణ్యులు జాడ చెప్పి హరిహరరాయలకు ఇప్పించారనీ, విజయనగరం నుంచి శ్రీరంగపట్నం రాజప్రతినిధి చేతికొచ్చిందనీ, 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని చేజిక్కించుకున్నప్పుడు మైసూరువాళ్లదయిందనీ కథ. కథలో నిజమెంతన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. పెనుగొండ రైలు దిగి ఇక్కడికొచ్చి స్థిరపడినవాళ్లు మన సంఘాల్లో బోలెడుమంది ఉన్నారు, వాళ్లకైనా ఈ కథ తెలియాలని చెప్పాను. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఆ సింహాసనం మొదట అత్తికర్రతో చేసి దంతపు పలకలు తాపిందనీ, బంగారం తరవాత చేరిందనీ మైసూరువాళ్లే చెబుతారు. అత్తి అంటే అదే మేడి. ఐతరేయ బ్రాహ్మణం నుంచి అంబావిలాసం దాకా కర్ర మారలేదు.

ఇంకొకటి. ఏడాది పొడవునా అది సింహాసనంగా ఉండదు. విడిభాగాలుగా భద్రంగా ఉంటుంది. నవరాత్రులకు ముందు బయటికి తీసి కూరుస్తారు. అప్పటికీ పూర్తికాదు. మంచి ముహూర్తం చూసి, పూజచేసి సింహాలను అమరుస్తారు. దాన్ని కన్నడంలో సింహ జోడణె అంటారు. సింహాలు అమరాకనే మైసూరు రాజవంశమైన యదువంశపువారు వచ్చి ఖాసగి దర్బారులో, అంటే తమ సొంత కొలువులో, కూర్చుంటారు. పండగయ్యాక సింహాల్ని విప్పేస్తారు. మనవాళ్లేమో ఏడాదంతా సింహం తలలున్న కుర్చీని వ్యానులో పడేసి ఈ మండపం నుంచి ఆ మండపానికి తిప్పుతుంటారు.

ఇక్కడొక పిడకలవేట. కోట వేంకటరమణస్వామి గుడి పక్కన టిప్పు వేసవి విడిది ఉంది కదా, అది చూడ్డానికి వచ్చిన మనవాళ్లు 'టిప్పు పులి సింహాసనం' అంటుంటారు. పులి సింహాసనం! నవ్వకండి. టిప్పు ఆసనానికి నిజంగానే పులి తలలుండేవి. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఈస్టిండియా కంపెనీవాళ్లు దాన్ని ముక్కలుచేసి పంచుకున్నారు. పెద్ద పులితల, పైనుండే హుమా అనే పక్షి బొమ్మ ఇంగ్లండులోని విండ్సర్ కోటకు చేరాయి. మాటలోని సింహం ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టే పులికి ఆ పక్కన చోటు దొరికింది. మాట అరిగితే ఇంతే. చెన్నైలో ఉన్న మీ బంధువులనడిగితే తమిళంలో అరియణై అంటారని చెబుతారు. అరి అంటే సింహం, అణై అంటే ఆసనం. అక్కడా అదే సింహం, వేరే వేషంలో.

గద్దె దగ్గరికి వద్దాం. ఇది మాత్రం చాలా జాగ్రత్తగా వాడాల్సిన మాట, అందులోనూ ఈ ఊళ్లో. మన పత్రికల్లో గద్దె అంటే అధికారం. గద్దెనెక్కారు, గద్దె దిగారు, గద్దె దించారు. ఎన్నికలొస్తే ఈ మూడు క్రియలతో పేజీ నిండుతుంది. కన్నడంలో గద్దె అంటే వరిమడి. 'గద్దెనెక్కిన సాహితీ సమరాంగణ సార్వభౌముడు' అని మీరు బ్యానరు మీద తెలుగులోనూ కింద కన్నడంలోనూ వేయిస్తే, దారినపోయే కన్నడిగులు రాయలు నాట్లు వేయడానికి పొలంలోకి దిగాడనుకుంటారు. కన్నడంలో ఆ అర్థానికి గద్దుగె, గద్దిగె అంటారు. దానితోనూ తంటా ఉంది. మఠాలవాళ్లకు గద్దిగె అంటే గురువు సమాధి కూడా. మడికేరిలో కొడగు రాజుల సమాధుల్ని గద్దిగె అనే పిలుస్తారు. కాబట్టి బ్యానరు అచ్చుకిచ్చే ముందు ఒక కన్నడ మిత్రుడికి చూపించండి, పుణ్యముంటుంది.

తెలుగులో గద్దెకు నాకు తెలిసి అన్నిటికంటే బరువైన అర్థం పత్రికల్లో లేదు, మేడారంలో ఉంది. రెండేళ్లకొకసారి మాఘమాసంలో కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చి గద్దెలెక్కుతారు. విగ్రహం లేదు, కిరీటం లేదు, వీపు ఆన్చుకునే కుర్చీ అసలే లేదు. కుంకుమ భరిణె రూపంలో అమ్మ వస్తుంది. జనం నిలువెత్తు బెల్లం తూచి సమర్పిస్తారు, ఆ బెల్లాన్నే బంగారమంటారు. కాకతీయ రాజు మీద తిరగబడిన తల్లికి కట్టిన గద్దె అది. ఓరుగల్లు సింహాసనం ఏమైందో అడిగితే చెప్పేవాడు లేడు, గద్దె దగ్గర మాత్రం జనం నిలబడటానికి చోటుండదు. వరంగల్, ములుగు వైపునుంచి వచ్చిన కుర్రవాళ్లు మన సభల్లో చాలామంది ఉంటారు. మీరు మైకులో గద్దె అన్నప్పుడల్లా వాళ్ల మనసు ఎటు పోతుందో ఆలోచించారా?

ఓరుగల్లు మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళతాను. బహమనీ సుల్తానులు గుల్బర్గాలో ఏళ్ల తరబడి కూర్చున్న తఖ్తె ఫిరోజా అనే ఆసనం ఓరుగల్లు నుంచి వెళ్లిందే. ముసునూరి కాపయనాయకుడి కాలం. నల్లచేవకర్ర మీద బంగారు రేకులు తాపి, నీలిరంగు మీనా పని చేసింది కాబట్టి, ఆ రంగు రాయి పేరుమీద, ఫిరోజా అన్నారు. వచ్చిన ప్రతి సుల్తానూ తన వంతు రత్నాలు పొదిగించగా పొదిగించగా ఆ నీలిరంగే కనబడకుండా పోయిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. తఖ్తు అంటే మొదట బల్ల. కాళ్లు మడిచి కూర్చునేది, దిండుకు ఆనుకునేది. హైదరాబాదు చౌమహల్లా కొలువుకూటంలో ఇవాళ్టికీ చూడొచ్చు, పాలరాతి వేదిక, దానిమీద ఆసనం. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చునే రాజుగారు సినిమా సెట్లలో కనబడినంతగా మన కోటల్లో కనబడరు.

కుర్చీ అన్న మాటను మనం చిన్నచూపు చూస్తాం గానీ దాని పుట్టుక తక్కువది కాదు. అరబ్బీ కుర్సీ అది. ఖురానులో ఆయతుల్ కుర్సీ అని ముస్లిం ఇళ్లలో గోడలకు తగిలించుకునే వాక్యం ఉంది, అందులో దేవుడి కుర్సీ ఆకాశాల్నీ భూమినీ కమ్ముకుని ఉంటుంది. అక్కణ్ణుంచి బయల్దేరిన మాట మన దగ్గరికొచ్చి ప్లాస్టిక్ కుర్చీ అయింది. దివాణం కూడా అంతే. జమీందారు దివాణానికి వెళ్లాలంటే చెప్పులు బయట విడిచి వణుక్కుంటూ వెళ్లేవాళ్లట. ఇవాళ అదే మాట దివాన్ అయి మన హాల్లో టీవీ ఎదురుగా పడి ఉంది, మధ్యాహ్నం దానిమీద బట్టలు మడతపెట్టుకుంటాం.

ఇక పీఠం. మన నోట పీఠం అరిగితే పీట అయింది. భోజనానికి పీట, ముక్కాలిపీట, కత్తిపీట, కోరుపీట. పెళ్లిలో మాత్రం పీట తన పాత పరువు తిరిగి తెచ్చుకుంటుంది. పీటల మీద కూర్చున్నంతసేపూ వరుడు విష్ణుమూర్తే, కాళ్లు కడిగించుకునేవాడే. అందుకే 'పీటలమీద పెళ్లి ఆగిపోయింది' అంటే అంత ఘోరం మనకు. అసలు పీఠం అన్నదాన్ని గురువులకూ దేవతలకూ విడిచిపెట్టాం. శృంగేరిది శారదాపీఠం, పిఠాపురానికి ఆ పేరు వచ్చిందే పీఠం వల్ల. పీఠానికి అధిపతి ఉంటాడు గాని యజమాని ఉండడు. వ్యాసపీఠమంటే పుస్తకం పెట్టుకునే చెక్క, అక్కడ కూర్చునేది గ్రంథం. అందుకని దయచేసి 'ముఖ్య అతిథిగారు పీఠాన్ని అలంకరించవలసిందిగా' అని పిలవకండి. ఆయన సన్న్యాసం తీసుకోలేదు.

ధర్మాసనం గురించి రెండు ముక్కలు చాలు. రాజు ఫిర్యాదులు వినేటప్పుడు కూర్చునేది అది. శాకుంతలంలో దుష్యంతుడు, రాత్రి నిద్రపట్టక ఇవాళ ధర్మాసనం మీద కూర్చోలేను, పౌరుల వ్యవహారాలు నువ్వే చూసి రాసి పంపు అని మంత్రికి కబురు చేస్తాడు. ఎక్కితే తీర్పు చెప్పాలి, చెప్పే స్థితిలో లేకపోతే ఎక్కకూడదు. మన పత్రికలు ఈ మాటను సరిగ్గా నిలబెట్టుకున్నాయి. సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీలు కూర్చుంటే త్రిసభ్య ధర్మాసనం అని రాస్తాయి. కన్నడంవాళ్లు దాన్నే న్యాయపీఠ అంటారు. భువనవిజయంలో రాయలు తగవు తీర్చే ఘట్టమేదైనా పెడితే అక్కడ ఈ మాట వాడండి, బాగుంటుంది. సమస్యాపూరణాలు వినేటప్పుడు వద్దు.

పట్టం అసలు ఆసనమే కాదు. నుదుటికి కట్టే పట్టీ. అందుకే పట్టం కడతారు, ఎక్కరు. కిందటేడు ఎవరో 'పట్టమెక్కారు' అన్నారు, అది వదిలేద్దాం.

ఇన్ని చెప్పింది పాండిత్యం చూపించుకోవడానికి అనుకుంటారేమో. అసలు విషయం ఇప్పుడే వస్తోంది. మీరు వేయిస్తున్నది ఫలానా రాజుగారి కొలువు కాదు, శ్రీకృష్ణదేవరాయలది, 1509 నుంచి 1529 దాకా ఏలినవాడిది. ఆయన సింహాసనాన్ని కళ్లారా చూసి రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడు. డొమింగో పయీస్ అనే పోర్చుగీసువాడు 1520 ప్రాంతంలో హంపీలో ఉండి, మహర్నవమి ఉత్సవం చూసి, కనబడిందల్లా రాశాడు. ఒరిస్సా యుద్ధం నుంచి తిరిగొచ్చాక రాయలు కట్టించాడని చెబుతూ అతను విజయభవనం అని పిలిచిన కట్టడంలో ఉందా సింహాసనం. చతురస్రంగా ఉందనీ, కర్రపని అంతా పట్టుబట్టలతో కప్పారనీ, బంగారు సింహాలున్నాయనీ, బట్టల మధ్య కెంపులు, ముత్యాలు పొదిగిన బంగారు పలకలున్నాయనీ రాశాడు. ఇంతవరకూ మీ అలంకరణవాళ్లు విని సంతోషిస్తారు. ఆ తరవాతి వాక్యం చూడండి. ఆ ఆసనంలో కూర్చున్నది రాయలు కాదు. పూలలో ముంచెత్తిన బంగారు విగ్రహం.

ఉత్సవం జరిగిన తొమ్మిది రోజులూ దేశంలోని సామంతులంతా చేతులుకట్టుకుని నిలబడిన చోట, ఆ బంగారు సింహాల ఆసనంలో రాజు లేడు!

ఇది రాయలొక్కడి వినయం అనుకోనక్కర్లేదు. ఈ నేలమీద ఆ అలవాటు చాలా పాతది. చెన్నై వెళ్లినప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడండి. చెట్టు కింద సింహాసనం ఉంటుంది, ముందు పాదముద్రలుంటాయి, చుట్టూ జనం మోకరిల్లి ఉంటారు, ఆసనం ఖాళీ. బుద్ధుణ్ణి చెక్కరు. ఆ ఖాళీయే బుద్ధుడు. కన్నడదేశంలో పన్నెండో శతాబ్దంలో బసవన్న ఉన్న కల్యాణపట్టణంలో వచనకవి అల్లమప్రభువు కూర్చున్నదాని పేరు శూన్యసింహాసనం. నందిగ్రామంలో భరతుడు పాదుకలు పెట్టి తను పక్కన కూర్చోవడం మీ పిల్లలకు కూడా తెలిసిన కథ. విక్రమార్కుడి సింహాసనానికి ముప్పై రెండు బొమ్మలున్నది ఎందుకు? ఎక్కబోయిన భోజరాజును మెట్టు మెట్టుకూ ఆపి, నీకు ఆ గుణముందా అని అడగడానికి. ఎక్కకుండా ఆపడానికే బొమ్మలు చేయించిన ఆసనాల కథలు చెప్పుకునే జాతి మనది. అలాంటిది, చెక్కు ఇచ్చారన్న ఒక్క అర్హతతో ఒక మనిషిని రాయలవారి కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మనకెలా చేతనవుతోంది?

మరి ఏం చెయ్యాలి అంటారు. ఏమీ ఖర్చులేదు. వేదిక మధ్య, వెనకగా ఒక ఎత్తు అరుగు వేయించండి. దానిమీద పట్టుబట్ట పరిచి, అమ్మవారో వేంకటేశ్వరుడో, మీ ఇష్టం, బంతిపూలతో చామంతులతో నింపెయ్యండి. సిటీ మార్కెట్లో తెల్లవారుజామున వెళితే బుట్టలకొద్దీ దొరుకుతాయి. సింహాసనం అన్న మాట దానికి వాడండి, ఇంక దేనికీ వద్దు. రాయలు దానికి ముందు, పక్కగా, తివాచీ మీద, బాలీసుకు ఆనుకుని కూర్చుంటాడు. కవులు అర్ధచంద్రాకారంగా పీటల మీద. పెద్దనగారికి ప్రత్యేకం కావాలంటే, రాయడానికి ఊయల మంచం ఉండాలని ఆయన పేర ఒక చాటువు ఉంది కదా, ఒక ఉయ్యాలబల్ల వేలాడదీయండి. బసవనగుడి పాత ఇళ్లలో ఇత్తడి గొలుసులతో ఇంకా ఊగుతున్నాయి, అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. కవి కాలికి గౌరవంగా గండపెండేరం అనే కడియం తొడిగే ఘట్టంలో రాయలు వంగి కవి పాదం పట్టుకోవాలి. ఆరడుగుల వెల్వెట్టు కుర్చీలోంచి, చేతికింద సింహాల మధ్యనుంచి లేచి, పంచె తొక్కుకుంటూ వచ్చి వంగడం కిందటిసారి ఎంత అవస్థగా ఉందో చూశాం. తివాచీ మీంచి లేవడం తేలిక.

వెనక వరసలవాళ్లకు రాయలు కనబడడు అంటారేమో. హాలువాళ్ల దగ్గర చెక్క ప్లాట్‌ఫారాలుంటాయి. వరాహమిహిరుడి మాట మన్నించి మూరన్నర ఎత్తు వేయించండి, అంతకంటే ఎక్కువ వద్దు. పిల్లలు ఆ పెద్ద కుర్చీలో ఫొటోలు దిగాలని మారాం చేస్తారు, అదీ నిజమే. దాన్ని హాలు గుమ్మం దగ్గర, పానకం పంచే చోట పెట్టించండి. మహారాజా చెయిర్ అనే బోర్డు పెట్టండి, అది దాని సొంత పేరు. ఎవరు కావాలంటే వాళ్లు కూర్చుంటారు. విరాళమిచ్చినవారు కూడా.

విరాళమిచ్చినవారు వేదిక మీదికి ఎలా వస్తారన్నది మీకు పెద్ద బెంగని తెలుసు. మామూలుగా రమ్మనండి. ముందు వరసలో మంచి కుర్చీ వేయండి, సమయం వచ్చినప్పుడు పైకి పిలిచి, నిలబెట్టి శాలువా కప్పండి, కవులందరి చేతా కప్పించండి. ఎనిమిదిమంది కవుల చేతుల మీదుగా శాలువా కప్పించుకోవడం కంటే ఫైబరు సింహాల మధ్య కూర్చోవడం గొప్పని అనుకునేవారెవరూ ఉండరు. ఉంటే ఆయనకు ముందుగా ఈ ఉత్తరం చూపించండి.

వ్యాఖ్యానం రాసేవారికి ఒక్క మాట. రాయలవారు రంగం మీదికి వచ్చినప్పుడు 'కొలువుతీరారు' అనండి. ఆ మాటకు కుర్చీ అక్కర్లేదు, బంగారం అక్కర్లేదు. ఎదురుగా జనముంటే చాలు. దసరాకు మెట్ల మీద బొమ్మలు కూడా తీరేది కొలువే. మనమంతా ఈ ఊరొచ్చింది కొలువు కోసమే కదా, సభలో సగంమంది నవ్వుతారు కూడా. నిండుసభ అని చెప్పాలనుంటే పేరోలగం అనే మంచి మాట ఉంది, వాడక తుప్పుపట్టి పోతోంది.

స్క్రిప్టు ఇంకా అచ్చుకు వెళ్లకపోతే నాకు పంపండి. ఎక్కడెక్కడ ఏ ఆసనం పేరు పడిందో చూసి రెండు రోజుల్లో తిరిగిస్తాను, పద్యాల జోలికి పోను. తివాచీ ఒకటి, బాలీసులు రెండు మా ఇంట్లో ఉన్నాయి, ముందురోజు సాయంత్రం ఎవరైనా ఆటో తీసుకొచ్చి పట్టుకెళ్లవచ్చు. పీటలు ఎనిమిది కావాలి. మా ఇంట్లో మూడే ఉన్నాయి, మిగతావి మీ మీ ఇళ్లలో అటకల మీద వెతకండి.

ఇట్లు,
మీ సభలకు తప్పకుండా వచ్చే ఒక రిటైర్డు తెలుగు టీచరు,
బెంగళూరు